తోక రేకు మీద ప్రార్థన

దేవుడు నా ప్రార్థన ఇంత తొందరగా ఎప్పుడూ ఆలకించలేదు. నర్సింగ్ సీటు కోసం రెండేళ్ళు ఉపవాసాలుంటే గానీ రాలేదు. కెనడా పీఆర్ కోసం నాలుగేళ్ళు మోకరించాను. మా అమ్మాయి అబిగేల్ పెళ్ళి కోసమైతే ఇప్పటికీ మోకాళ్ళు అరుగుతూనే ఉన్నాయి. అలాంటిది, మా ఆయన సొంతంగా తయారుచేసుకున్న విమానం ఎగరకూడదని ఒక్క నిమిషం అడిగానో లేదో, ఆమెన్ అనక ముందే పని అయిపోయింది.

మా ఆయన పేరు సంతోషం. హాలిఫాక్స్‌లో ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సు నడిపారు. ఆయనతో పాటు రిటైరైనవాళ్ళు టమాటా మొక్కలు పెట్టుకున్నారు, చలికాలం రాగానే ఫ్లోరిడా పోయారు. ఈయన మాత్రం విమానం కిట్టు ఆర్డర్ పెట్టారు.

"ఇరవై ఏడేళ్ళు ప్రతి వీధి చివరా ఆగాను సలోమీ. ఒక్కసారి ఎక్కడా ఆగకుండా పోవాలని ఉంది," అన్నారు.

"హైవే ఎక్కండి," అన్నాను. ఆ మాట వినపడనట్టే క్యాటలాగ్ పేజీ తిప్పారు.

హాలిఫాక్స్ హార్బర్‌కి ఇవతల ఒడ్డున, డార్ట్‌మౌత్‌లో మా ఇంటికి నాలుగు చెక్కపెట్టెలు వచ్చాయి. వాటి నిండా రేకులు, గొట్టాలు, వేల కొద్దీ రివెట్లు, ఏ రేకు ఏ రేకుకి అతకాలో చెప్పే లావుపాటి పుస్తకాలు. మూడేళ్ళపాటు మా గరాజ్ ఆయనది, మంచులో తడిసిన కారు నాది. పొద్దున్నే అద్దం మీద మంచు గీకుతూ ఆయన్ని తిట్టేదాన్ని. అల్యూమినియం తరుగు మేజోళ్ళలో దొరికేది, వాషింగ్ మెషిన్‌లో దొరికేది, ఒకసారి ఉప్మాలో కూడా దొరికింది. ఇవన్నీ రోజుకొకసారి ఏకరువు పెట్టేదాన్ని. కాల్గరీ నుంచి అబిగేల్ ఫోన్ చేస్తే దానికీ చెప్పేదాన్ని. "మామ్, ఇట్స్ హిజ్ రిటైర్‌మెంట్!" అని అది తండ్రిని వెనకేసుకొచ్చేది.

మధ్యలో ఆయన విమానం నడపడం కూడా నేర్చుకున్నారు. మొదటిసారి రాత పరీక్ష పోయినరోజు నేను చేపల పులుసు చేశాను. ఓదార్పు అనుకున్నారు పాపం. రెండోసారి పాసయ్యారు. ఆ రాత్రి పప్పుచారుతో సరిపెట్టాను.

ఇప్పుడు దాచడం దేనికి, నా బాధ కారూ కాదు, తరుగూ కాదు. నాకు భయం. ఇరవై నాలుగేళ్ళు ఎమర్జెన్సీ వార్డులో పనిచేశాను. నిచ్చెన మీంచి పడ్డవాళ్ళని చూశాను, పడవలోంచి పడ్డవాళ్ళని చూశాను. పొద్దున టీ తాగి ఇంట్లోంచి బయటికెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి స్ట్రెచర్ మీద ఎలా వస్తాడో నాకు తెలుసు. అయితే మా ఆయన ముందు ఆ మాట ఎత్తలేకపోయాను. ఎత్తితే మొహం చిన్నబుచ్చుకుంటారని కొంత, నర్సుని అయ్యుండి భయమంటే పరువు తక్కువని కొంత. కాబట్టి మంచు గురించే పోట్లాడుతూ వచ్చాను.

ఈ ఆగస్టుకి పని దాదాపు అయిపోయింది. గరాజ్ మధ్యలో విమానం ఒళ్ళూ తోకా ఒక్కటై నిలబడ్డాయి. రెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. సెప్టెంబర్‌లో ఊరి బయట ఎయిర్‌ఫీల్డ్‌కి తీసుకుపోయి, రెక్కలు తగిలించి, ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. ఆ ఇన్‌స్పెక్టర్ సంతకం పెడితేనే ఎగిరేది. ఇల్లు దాటకముందే ప్రార్థన పెట్టించాలన్నారు మా ఆయన.

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పాతిక కుటుంబాలుంటాయి. కొత్తది ఏది వచ్చినా చేతులుంచి ప్రార్థన చేయడం మాకు అలవాటు. కొత్త కారు బానెట్ మీద చేతులుంచుతాం, కొత్త ఇంటి తలుపు మీద ఉంచుతాం, వర్క్ పర్మిట్ అప్లికేషన్ కవరు మీద ఉంచుతాం. ఒకాయన కొన్న, మంచు ఎత్తిపోసే స్నో బ్లోయర్ మీద కూడా ఉంచాం. అందుకని విమానం అనగానే శనివారం మధ్యాహ్నానికి ఇరవై రెండు మంది దిగిపోయారు. పాస్టర్ జేసన్ గారు ముందు నిలబడ్డారు. వారమంతా బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు వాక్యం. వయసు ముప్పై నాలుగే గానీ గొంతు పెద్దది.

మా ఆయన గుమ్మంలో చేతులు అడ్డం పెట్టారు. "రేకు చాలా పల్చన పాస్టర్ గారూ. కొంచెం దూరం నుంచి చేస్తే చాలు."

లక్ష్మీకాంతం అక్క ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, హాస్పిటల్ కిచెన్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఇప్పటికీ సహవాసంలో ఏ విందుకైనా పూరీ పిండి ఆమె కలపాల్సిందే. "దూరం నుంచి చేస్తే అది ప్రార్థన ఎట్టా అవుద్దయ్యా? పోయే బస్సుకి చెయ్యి ఊపినట్టుంటది గానీ!" అంది. అందరూ నవ్వారు. ఇరవై ఏడేళ్ళు చేతులూపే జనాన్ని అద్దంలో చూసిన మా ఆయన కూడా నవ్వి, దారి వదిలారు.

"రివెట్ల వరస ఉన్నచోటే చెయ్యి ఆనించండి, లోపల ఎముక ఉంటది. రెండు వరసల మధ్య ఖాళీలో పెట్టొద్దు. బరువు వెయ్యొద్దు," అని బస్సులో చెప్పినట్టే అందరికీ చెప్పారు.

నేను అందరికంటే వెనక, ఫ్రీజర్‌కీ తోకకీ మధ్య సందులో నిలబడ్డాను. నా పక్కన లక్ష్మీకాంతం అక్క. మా ముందున్న రేకుని ఎలివేటర్ అంటారు. పైకెక్కించే లిఫ్ట్ కాదు, తోక చివర కిందికీ పైకీ ఊగే పలక. విమానం ముక్కు లేవాలన్నా దిగాలన్నా అదే ఊగాలి. మందం చూస్తే పెళ్ళి శుభలేఖంత ఉంటుంది.

పాస్టర్ గారు మొదలుపెట్టారు. మావాళ్ళంతా గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్ళు చేస్తున్నారు. ఆ గోలలో నా మాట ఎవరికీ వినపడదని ధైర్యం వచ్చింది. "ప్రభువా, దీన్ని ఎగరనివ్వకు. మిగతావన్నీ నీ చిత్తం, ఇది ఒక్కటి నా చిత్తం. ఈ మనిషిని నాకు నేల మీదే ఉంచు," అన్నాను. అంటుంటే మూడేళ్ళ ఏడుపూ ఒక్కసారి పొంగుకొచ్చింది. పడకుండా ముందున్నదాని మీద రెండు చేతులూ ఆనించి, ఒంగి, అడిగాను.

చేతి కింద టుప్పుమంది. డాల్డా డబ్బా మూత నొక్కితే వస్తుందే, ఆ చప్పుడు.

ఒక కన్ను తెరిచి చూశాను. అరచేయంత గుంట, దాని అంచు నుంచి జానెడు పొడుగున మడత. తేలు కుట్టిన దొంగలా చేతులు తీసి చున్నీలో పెట్టుకున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

పెరట్లో బిరియానీ తిని అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం గరాజ్ ఊడుస్తూ మా ఆయన చూశారు. నన్ను పిలిచారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. వేలితో ఆ మడత వెంబడి రాస్తూ నిలబడ్డారు.

"ఇక్కడెవరు నిలబడ్డారు సలోమీ?"

"లక్ష్మీకాంతం అక్క అటే ఉంది కదా," అన్నాను.

అక్క అటే ఉన్నమాట నిజమే. దాని పక్కన ఉన్న ఇంకో నిజం నా నోట్లోనే ఉండిపోయింది.

"గుంట అయితే పోనీ అనుకోవచ్చు. ఇది మడత. గాలి దెబ్బకి ఇక్కడే చీలుద్ది. ఇన్‌స్పెక్టర్ దాకా ఎందుకు, నేనే ఒప్పుకోను," అన్నారు.

"మారిస్తే పోలా?" అన్నాను, నోరు ఊరుకోక.

ఆయన బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నారు. "మార్చొచ్చు. రివెట్లన్నీ తొలిచి, కొత్త రేకు తెప్పించి మళ్ళీ కొట్టొచ్చు. కష్టమని కాదు. ఇరవై రెండు మంది చేతులుంచి ప్రార్థన చేస్తుంటే పాడైందంటే ఏంటి అర్థం? దేవుడు ఇంతకన్నా స్పష్టంగా ఎట్టా చెప్తాడు? వద్దంటున్నాడు. పెద్దాయన వద్దన్నాక నేనెవర్ని?"

మర్నాడు విమానం మీద నీలం టార్పాలిన్ కప్పేశారు. నేను అడిగింది అడిగినట్టు దొరికింది. ఇంతటితో కథ సుఖాంతం కావాలి.

కాలేదు. ఆయన తొమ్మిదింటికి నిద్ర లేవడం మొదలుపెట్టారు. నాతో పాటు కూరగాయలకి వచ్చి, సంచి పట్టుకుని, ఉల్లిపాయలు ఏరమంటే ఏరారు. మంచు రాకముందే కారుకి షెడ్డు వేస్తానన్నారు. ఏది పెడితే అది తిన్నారు, ఉప్పు లేకపోయినా తిన్నారు. పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళలో ఇంత మంచిగా ఎప్పుడూ లేరు. నేను భరించలేకపోయాను.

ఒకరోజు ఫోన్ తెచ్చి, ప్రకటన రాశానని, ఇంగ్లీషు సరిచూడమన్నారు. విమానం అమ్మబడును, తొంభై శాతం పూర్తయింది అని ఉంది. ఎందుకు అమ్ముతున్నారు అన్నచోట ఖాళీ వదిలేశారు. "అక్కడ ఏం రాయాలో తెలియలేదు," అన్నారు. నాకు తెలుసు. తెలిసీ, స్పెల్లింగులన్నీ కరెక్టుగానే ఉన్నాయని చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

ఆ ఆదివారం ఒక కుర్ర జంట మూడు నెలల బిడ్డని సహవాసానికి తెచ్చారు. బిడ్డని ఆశీర్వదించడానికి ఎప్పుడూ అందరికంటే ముందుండేది లక్ష్మీకాంతం అక్క. ఆవేళ చూస్తే వెనక గోడ దగ్గర, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికెళ్ళాను.

"రాలేదేంటక్కా?"

"నా చెయ్యి బరువమ్మా. ముప్పై ఏళ్ళు పిండి పిసికిన చేతులు. సంతోషం విమానమే ఇరగ్గొట్టాను. పసిబిడ్డ మీద ఎట్టా వెయ్యమంటావు?" అంది. మా ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. విషయం ఆ నోటా ఈ నోటా పడి ఆమెదాకా వచ్చింది. "ఆయనకి మొహం చూపించలేక పోతున్నా. నువ్వన్నా నా తరఫున క్షమించమని చెప్పు తల్లీ," అంటూ కళ్ళు తుడుచుకుంది, అదీ ఒక చేత్తోనే. రెండోది వీపు వెనకే ఉంది.

ఆ రెండో చెయ్యి చూసి నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నా బతుకులో ఎప్పుడూ పడలేదు.

ఇంటికి వస్తూ బ్రిడ్జి ఎక్కాం. కింద హార్బర్‌లో ఫెర్రీ పోతోంది. ఇంటిదాకా ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు.

"ఏమండీ, ఆ గుంట పెట్టింది నేను," అన్నాను.

బ్రిడ్జి మీద ఆపడానికి లేదు. దిగగానే మొదటి బస్టాప్‌లో కారు ఆపేశారు. బస్సు ఆగేచోట కారు ఆపినవాళ్ళని ఇరవై ఏడేళ్ళు బండబూతులు తిట్టిన మనిషి!

"కాలు జారిందా?"

"లేదు. ప్రార్థన చేస్తూ ఒరిగాను."

"ఏమని చేశావు?"

చెప్పాను. నేల మీదే ఉంచమన్న మాటతో సహా మొత్తం చెప్పాను. ఆయన స్టీరింగ్ వదిలేసి నా వైపు తిరిగారు. ఆ మొహం ఎర్రబడటం మూడు వారాల్లో చూడటం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే కొంచెం ప్రాణం లేచొచ్చింది.

"మూడేళ్ళు! మంచని చెప్పావు, తరుగని చెప్పావు, సుత్తి చప్పుడుకి తలనొప్పన్నావు. భయమని ఒక్కనాడన్నా చెప్పావా? దేవుడికి చెప్పావు. పక్కన పడుకునే నాకు చెప్పలా!"

"చెప్తే మానేస్తారని," అన్నాను.

"మానేయాలనేగా నీ ప్రార్థన?"

ఏడుపొచ్చింది. "మీ చొక్కా కత్తిరించే పని ఇంకో నర్సు చెయ్యటం నేను చూడలేనండీ," అన్నాను. వార్డులోకి ఎవరొచ్చినా మొదట చేసే పని అదే, చొక్కా కత్తిరించడం. ముందుగా అనుకున్న మాట కాదు, దానంతటదే వచ్చేసింది. ఆయన కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. వెనక ఒక బస్సు వచ్చి బారుమని హారన్ కొట్టింది. ఆ డ్రైవరు ఏమంటున్నాడో మాకు వినపడలేదు గానీ, మా ఆయనకి తెలుసు. అద్దంలోంచి దణ్ణం పెట్టి కారు కదిలించారు.

ఇంట్లోకి వచ్చాక సోఫా అంచున కూర్చుని, "అయితే వద్దన్నది దేవుడు కాదన్నమాట," అన్నారు.

"కాదు. నేను."

"ఇప్పుడూ నువ్వు వద్దంటే సరే సలోమీ. ఆ ప్రకటన పెట్టేస్తాను. మనసులో ఏమీ పెట్టుకోను." ఆయన అలా అంటే అంతే, పెట్టుకోరు. అమ్మేస్తారు, కారుకి షెడ్డు వేస్తారు, ఉల్లిపాయలు ఏరుతారు. ఇంకో ఇరవై ఏళ్ళు నా కళ్ళ ముందే, నేల మీదే, తొమ్మిదింటికి నిద్ర లేస్తూ. నేను దేవుణ్ణి అడిగిన మనిషి ఈయన కాదు.

"రేకు తెప్పించండి. కానీ ప్రతి రివెట్టూ నేను చూస్తాను," అన్నాను.

పది రోజులకి కొత్త రేకు వచ్చింది. పాత రివెట్లు తొలచడానికి మూడు రోజులు పట్టింది. కొట్టడం ఇద్దరి పని అని నాకప్పుడే తెలిసింది. బయటినుంచి ఒకరు రివెట్ గన్‌తో కొడుతుంటే, లోపలివైపు ఇంకొకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. మూడేళ్ళూ ఈ పనికి పాపం పక్కింటాయన్ని బతిమాలుకున్నారట. నా చెయ్యి చిన్నది, ఆయన చెయ్యి దూరని సందులో దూరింది. "రెడీ" అని నేనంటేనే ఆయన కొట్టాలి. గన్ పక్కకి జారితే రివెట్ తల మీద నెలవంక గీత పడుతుంది. అలాంటివి పద్నాలుగు తీయించాను.

"పర్లేదే, ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడు," అన్నారు ఒకదానికి.

"నేను ఒప్పుకోను. కుట్టు సరిగా పడకపోతే సర్జన్‌నే మళ్ళీ వేయమన్న మనిషిని."

ఏది దేనికి అతికిందో, ఏది ఊడితే ఏమవుతుందో, ఊడకుండా ఏం పెట్టారో అన్నీ అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. భయం పోలేదు. అంతకుముందు ఆకాశమంత ఉండేది, ఇప్పుడు ఫలానా బోల్టు, ఫలానా తీగ అయింది. బోల్టుని తనిఖీ చేయొచ్చు కదా. ఒక నోట్‌బుక్‌లో పేర్లన్నీ రాసుకుని, వార్డులో మందులకి పెట్టినట్టు టిక్కులు పెట్టాను.

సహవాసంలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. చేసిన ప్రార్థన, పెట్టిన గుంట, అక్క మీదికి నెట్టిన నింద అన్నీ చెప్పాను. ముందు పాస్టర్ జేసన్ గారికే నవ్వు ఆగలేదు, ఇక హాలంతా అంటుకుంది. లక్ష్మీకాంతం అక్క మాత్రం నవ్వకుండా నేరుగా నా దగ్గరికొచ్చింది. చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. ఆ రెండు చేతుల్తో నా మొహం పట్టుకుని, "నీ ప్రార్థనకి ఇంత పవర్ ఉందని తెలియదమ్మాయ్! మా మరిది కూతురి వీసా ఎనిమిది నెలల్నించి ఆగిపోయింది. ఇయ్యాల్టి నుంచి నువ్వే చెయ్యాలి," అంది. చేస్తున్నాను. ఇంకా రాలేదు.

విమానాన్ని ఎయిర్‌ఫీల్డ్‌కి చేర్చి రెక్కలు తగిలించాక ఇన్‌స్పెక్టర్ వచ్చి, తోక దగ్గర చాలాసేపు ఒంగి చూశాడు. నేను నోట్‌బుక్ తెరిచి పట్టుకున్నాను. ఏమీ అనకుండా ముక్కు వైపు నడిచాడు. వారం తర్వాత కాగితాలొచ్చాయి. మొదటి ఇరవై ఐదు గంటలూ పైలట్ ఒక్కడే ఎగరాలి, పక్క సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకూడదని వాటిలో ఉంది.

అక్టోబర్ రెండో శనివారం పొగమంచు లేదు, గాలి లేదు. ఎయిర్‌ఫీల్డ్ కంచె దగ్గర మావాళ్ళు పదిహేను మంది నిలబడ్డారు. నేను నోట్‌బుక్ తీసి చివరిసారి అన్నీ టిక్కు పెట్టి, మా ఆయన బెల్టు లాగి చూసి, పక్కకి తప్పుకున్నాను. విమానం గడ్డి మీద గెంతుతూ పోయి, రన్‌వే ఎక్కి, నేను చూస్తుండగానే నేల వదిలేసింది.

"ప్రార్థన చేద్దాం, కళ్ళు మూసుకో తల్లీ," అంది లక్ష్మీకాంతం అక్క.

"మీరు మూసుకోండక్కా. నేను చూడాలి."

పద్దెనిమిది నిమిషాలు చూశాను. రెప్ప వేశానో లేదో గుర్తులేదు. ఫీల్డ్ చుట్టూ మూడుసార్లు తిరిగి దిగారు. దిగేటప్పుడు విమానం ఒకసారి ఎగిరిపడి, రెండోసారి నేల పట్టింది. అందరూ చప్పట్లు, స్తోత్రాలు. ఆయన చెయ్యి ఊపుతూ దిగి, "బస్సు కన్నా ఈజీ!" అని అందరికీ వినపడేలా అరిచారు. ఫోటోలు తీసుకున్నారు. పాస్టర్ గారి కూతురు సీట్లో కూర్చుని ఫోటో దిగింది.

జనం టీ దగ్గరికి కదిలాక, మా ఆయన నన్ను విమానం అటువైపుకి తీసుకెళ్ళారు. దగ్గర్నించి చూస్తే పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"ఈజీ ఏం కాదు సలోమీ," అన్నారు మెల్లగా. "పైకి లేచిన నిమిషానికి ఎంత భయమేసిందంటే, ఎట్టా దిగాలో మర్చిపోయాననుకున్నా. నీ పేరు రెండుసార్లు పిలిచా. ఎవరికీ చెప్పమాక."

ముప్పై ఎనిమిదేళ్ళలో ఈ మనిషి నోట భయం అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆయనకీ నాలాగే పరువు అడ్డమొచ్చిందన్నమాట ఇన్నాళ్ళూ. చెయ్యి పట్టుకుని నాడి చూశాను, అలవాటు కొద్దీ. నూట ముప్పై కొట్టుకుంటోంది. నాదీ అంతే ఉండి ఉంటుంది.

"ఇరవై ఐదు గంటలూ అయ్యాక పక్క సీట్లో నేను కూర్చుంటాను," అన్నాను.

"నీకు భయం కదా?"

"భయంగానే కూర్చుంటాను. ఈ మాట దేవుడికి ఇంకా చెప్పలేదు. ముందు మీకే చెప్తున్నాను."